తెలియక చేసిన హింస: గుడ్డిపాము లేవనెత్తే ధర్మప్రశ్న

అహింసను గురించి ఈ దేశంలో సాగిన చర్చ ఎంత దూరం వెళ్ళినా చివరికి ఒక చిక్కుముడి దగ్గరికి వచ్చి ఆగుతుంది: తెలియక చేసిన హింసకు చేసినవాడు బాధ్యుడా, కాడా? కావాలని, పగబట్టి, లాభం కోసం ప్రాణం తీయడం దోషమేనని వైదిక, జైన, బౌద్ధ సంప్రదాయాలు చాలావరకు ఏకాభిప్రాయంతో చెప్పాయి గాని, పొరపాటు పడి చంపినవాడి విషయంలోనూ, చూడకుండా తొక్కినవాడి విషయంలోనూ అవి ఒక్క మాట మీద నిలవలేదు. ఈ ప్రశ్నకు గ్రంథాలలో దొరికే ఉదాహరణలు చాలావరకు ఊహించి చెప్పినవి. అయితే గుంటూరు, ప్రకాశం ప్రాంతాల నల్లరేగడి మైదానాలలో, పత్తి, మిరప చేల గట్ల కింద, పెంటదిబ్బల తడిలో, చెదపుట్టల సందుల్లో బతికే ఒక చిన్న పాము ఆ ప్రశ్నకు నిత్యజీవితంలోనే రూపం కల్పిస్తోంది. జనం దానిని గుడ్డిపాము అంటారు.

గుడ్డిపాము వానపామంత సన్నగా, సాధారణంగా జానెడు కూడా లేకుండా, నలుపు లేదా ముదురు గోధుమ రంగులో మెరుస్తూ ఉంటుంది. దాని కళ్ళు తల మీది పొలుసుల అడుగున నల్లటి చుక్కల్లా కనిపిస్తాయి. ఆ కళ్ళకు వెలుగుకూ చీకటికీ తేడా తెలుస్తుంది గాని వస్తువుల ఆకారం తెలియదు. మెడ అంటూ వేరుగా ఉండదు, తలా తోకా ఒకే మందంలో ఉంటాయి, తోక చివర చిన్న ముల్లులాంటి మొన ఉంటుంది. ఈ మొనను నేలకు ఆనించి అది ముందుకు జరుగుతుంది. పట్టుకున్నప్పుడు చర్మానికి ఆ మొన తగిలితే జనం కాటేసిందనుకుంటారు. నిజానికి దానికి విషం లేదు, మనిషి చర్మంలో దిగేంత నోరూ లేదు. చీమల, చెదపురుగుల గుడ్లు, పిల్లపురుగులు, గూటిపురుగులు దాని ఆహారం. గట్టినేలను తవ్వే బలం లేనందువల్ల అది వానకు మెత్తబడిన మట్టిలోనూ, ఎండకు రేగడి పగిలి ఏర్పడిన నెర్రెల్లోనూ, చీమలూ చెదలూ తొలిచిన దారుల్లోనూ తిరుగుతుంది. పెద్ద వాన కురిసి ఆ దారులు నీళ్ళతో నిండినప్పుడు పైకి వచ్చి మనిషి కంటపడుతుంది.

ఈ జాతిలో ఇప్పటివరకు ఆడవే తప్ప మగవి నిర్ధారణగా కనబడలేదు. మగతోడు లేకుండానే గుడ్డులో పిండం ఎదిగే పద్ధతిని శాస్త్రజ్ఞులు అనిషేక జననం అంటారు. ఒక్క పాము చేరినా ఒక సంతతి మొదలుకాగల శక్తి దీనికి ఉన్నందువల్లనే, మొక్కల వేళ్ళతో, కుండీల మట్టితో ఓడలెక్కి, అంటార్కిటికా మినహా అన్ని ఖండాలకూ ఇది పాకింది. అందుకే పరదేశాలలో దీనికి పూలకుండీ పాము అని పేరు. ఎవరికీ తెలియకుండా ప్రపంచమంతా తిరిగిన ఈ పాముకు శాస్త్రంలో తొలి గుర్తింపు మాత్రం తెలుగు నేల మీదనే దక్కింది. ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా పనిచేసిన స్కాట్లండ్ వైద్యుడు పాట్రిక్ రసెల్, కోరమాండల్ తీరంలో సేకరించిన పాములను గురించి 1796లో ప్రచురించిన గ్రంథంలో, విశాఖపట్నంలో దొరికిన ఈ చిన్న పాముకు బొమ్మ గీయించి, స్థానికులు చెప్పిన రెండు తలల పాము అన్న మాటనే ఇంగ్లీషు లిపిలో పేరుగా రాశాడు. ఆ వర్ణన ఆధారంగా ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు డోడాఁ 1803లో దానికి బ్రామినస్ అన్న లాటిన్ పేరు పెట్టాడు. నేటి శాస్త్రనామం ఇండోటిఫ్లాప్స్ బ్రామినస్.

ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. గుడ్డిపాము అన్న పేరు ఆ ప్రాణికి లేనిదానిని చెబుతుంది, రెండు తలల పాము అన్న పేరు లేనిదానిని ఉన్నట్టు చెబుతుంది. పైగా రెండో పేరు ఇవాళ ఎక్కువగా ఇసుక నేలల్లో ఉండే మరో పెద్ద పాముకు, అంటే మొద్దుతోక వల్ల రెండు వైపులా తల ఉన్నట్టు కనిపించే పాముకు, వాడుకలో ఉంది. ఆ పాము ఇంట్లో ఉంటే సిరి కలుగుతుందన్న మూఢనమ్మకంతో, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధిస్తున్నా, దానిని పట్టి దొంగచాటుగా అమ్ముతున్నారు. ఒకే పేరు కింద ఒక పాము ఆశకు బలవుతూ, మరో పాము భయానికి బలవుతూ ఉండగా, ఆ రెండింటి అసలు జీవితం గురించిన జ్ఞానం మాత్రం ఎక్కడా కలగడం లేదు.

అయితే భయాన్ని తేలికగా తీసిపారేయడం న్యాయం కాదు. 2000 నుంచి 2019 వరకు పాముకాటు మరణాలపై జరిగి, 2020లో వెలువడిన ఒక జాతీయస్థాయి అధ్యయనం, దేశంలో ఏటా సగటున 58,000 మంది పాముకాటుతో చనిపోయారని లెక్కకట్టింది; ఆ మరణాలలో అధికభాగం జరిగిన ఎనిమిది రాష్ట్రాలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రాంతం ఒకటి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగూ ఈ మైదానాలలో పొలం పని చేసేవారి కాళ్ళ దగ్గరే తిరుగుతాయి. మిరపకాయ కోతకు వంగిన కూలీకీ, రాత్రిపూట నీరు పెట్టడానికి గట్టు వెంట నడిచే రైతుకూ పాము అన్న మాట వినగానే గుండె ఝల్లుమనడం, తరతరాలుగా చూసిన చావులు నేర్పిన జాగ్రత్త. కాబట్టి ప్రశ్న భయం ఉండవచ్చా అన్నది కాదు. భయపడవలసిన పాముకూ, భయపడనక్కరలేని పాముకూ మధ్య తేడా తెలుసుకోవలసిన బాధ్యత మనిషికి ఉందా అన్నది అసలు ప్రశ్న.

ఈ ప్రశ్నను అత్యంత సూటిగా వేసిన కథ మహాభారతం ఆదిపర్వంలోనే ఉంది. పదకొండో శతాబ్దంలో నన్నయ తెలుగు చేసిన భాగంలోనూ అది చోటు చేసుకుంది. ప్రమతి కుమారుడైన రురుడు తాను పెళ్ళాడబోయే ప్రమద్వర పాముకాటుతో మరణించగా, తన ఆయుర్దాయంలో సగమిచ్చి ఆమెను బతికించుకుని, ఆ తరువాత పాముజాతి మీద పగబట్టి, కనబడిన ప్రతి పామునూ దండంతో కొట్టి చంపడం వ్రతంగా పెట్టుకుంటాడు. ఒకనాడు అడవిలో ముసలి డుండుభం ఒకటి కనబడుతుంది. డుండుభం అంటే విషం లేని ఒక జాతి పాము. రురుడు దండమెత్తగానే అది, కరిచే పాములు వేరనీ, పేరుకు మాత్రమే పాములైన డుండుభాలు తక్కిన పాములకు వచ్చే కష్టాన్ని పంచుకుంటున్నాయే తప్ప వాటి స్వభావాన్ని పంచుకోవనీ చెబుతుంది. భయంతో వణుకుతున్న ఆ ప్రాణిని చూసి రురుడు దండం దించి, నీవెవరివని అడుగుతాడు. అది, తాను పూర్వం సహస్రపాదుడనే మునిననీ, గడ్డితో పామును చేసి, అగ్నిహోత్రంలో ఉన్న మిత్రుణ్ణి హాస్యానికి బెదిరించగా అతడు మూర్ఛపోయి, తేరుకున్నాక, ఆ గడ్డిపాములాగే శక్తిలేని పామువు కమ్మని తనను శపించాడనీ చెబుతుంది. అహింసయే పరమధర్మమన్న ఉపదేశం ఆ సందర్భంలో, కొట్టబోయినవాడికి దెబ్బ తప్పించుకున్న, విషంలేని పాముగా ఉండిన ఆ ముని నోట వస్తుంది.

కథలోని అంచెలు జాగ్రత్తగా చూడదగినవి. గడ్డిపామును నిజమైన పామనుకుని భయపడినవాడు శపించాడు. ఆ శాపం నిజమైన ఒక ప్రాణిని పాముగా మార్చింది. ఆ ప్రాణి విషంలేనిదని తెలియక మరొకడు చంపబోయాడు. అంటే ఒక పొరపాటు మరో పొరపాటుకు దారితీసింది, ఆ గొలుసు తెగింది మాత్రం నీవెవరివన్న ప్రశ్న దగ్గర. రురుడికి కలిగిన పుణ్యం ఆ పామును పూజించడం వల్ల వచ్చింది కాదు. దానిని తన పగకు ఒక నమూనాగా చూడడం మాని, విడిగా ఒక ప్రాణిగా చూసి అడగడం వల్ల వచ్చింది.

ఇదే పొరపాటును అద్వైత వేదాంతం రజ్జుసర్పన్యాయం అనే ప్రసిద్ధ దృష్టాంతంతో వివరిస్తుంది. రజ్జువు అంటే తాడు. మసకవెలుతురులో తాడును చూసి పామని భ్రమించి, దీపం తెచ్చి చూసినప్పుడు భ్రమ తొలగి భయం పోయినట్టే, బ్రహ్మం మీద జగత్తును ఆరోపించిన అజ్ఞానం జ్ఞానంతో తొలగుతుందని గౌడపాదుడూ, ఆయన తరువాత శంకరాచార్యులూ చెప్పారు. ఒకదాని మీద లేని ధర్మాన్ని ఉన్నట్టు మోపడాన్ని అధ్యాస అంటారు. ఈ దృష్టాంతం జ్ఞానస్వరూపాన్ని వివరించడానికి ఎంత సమర్థమైనదో, ధర్మాధర్మ విచారణలో అంత అసంపూర్ణమైనది, ఎందుకంటే అందులో నష్టపోయేది చూసినవాడొక్కడే. భయంతో కర్ర తీసుకుని ఎన్ని దెబ్బలు వేసినా తాడుకు నొప్పి లేదు. గుడ్డిపాము విషయంలో అధ్యాస జరుగుతున్నది తాడు మీద కాదు, నొప్పి తెలిసిన ప్రాణి మీద. అక్కడ పాము ఉన్నది నిజమే, విషం మాత్రమే ఆరోపితం. ఆ ఆరోపణకు శిక్ష అనుభవించేది ఆరోపించినవాడు కాదు. దీపం తెచ్చేలోపు దెబ్బ పడితే, ఆ తరువాత కలిగే జ్ఞానం చూసినవాడి భ్రమను తీర్చగలదే గాని పోయిన ప్రాణాన్ని తిరిగి తేలేదు. కాబట్టి జీవుల విషయంలో అజ్ఞానం కేవలం జ్ఞానలోపంగా మిగలదు, అది ధర్మలోపంగా పరిణమిస్తుంది.

జైన, బౌద్ధ దర్శనాలు ఈ ప్రశ్నను మరింత నిశితంగా విచారించాయి. జైన సిద్ధాంతగ్రంథమైన తత్త్వార్థసూత్రం హింసను నిర్వచిస్తూ ప్రమాదం అన్న మాటను వాడింది. నేటి వాడుకలో ఆ మాటకు ఆపద అని అర్థమైనా, అక్కడ దాని అర్థం ఏమరుపాటు, శ్రద్ధ లేకపోవడం. ఏమరుపాటుతో ప్రాణం తీయడమే హింస అని చెప్పడం వల్ల, నాకు తెలియదన్న సాకుకు అక్కడ చోటు చాలా తక్కువ. తెలుసుకునే ప్రయత్నం చేశావా అన్నదే ఆ దర్శనం అడిగే ప్రశ్న. బౌద్ధం ప్రధానంగా చేతనను, అంటే ఉద్దేశాన్ని, కర్మకు మూలంగా తీసుకుంది. పాలి వ్యాఖ్యానసంప్రదాయం ప్రకారం చంపడమనే దోషం పూర్తికావడానికి ఐదు అంగాలు కావాలి: అక్కడ ప్రాణి ఉండాలి, అది ప్రాణి అని తెలియాలి, చంపాలన్న సంకల్పం ఉండాలి, అందుకు ప్రయత్నం జరగాలి, ఆ ప్రయత్నం వల్ల ప్రాణం పోవాలి. ఈ కొలత ఉదారంగా కనిపించినా, గుడ్డిపామును కర్రతో కొట్టి చంపిన సందర్భానికి అన్వయించి చూస్తే ఐదు అంగాలూ పూర్తవుతాయి. చంపినవాడికి తెలియనిది అది ప్రాణి అన్న సంగతి కాదు, అది హాని చేయదన్న సంగతి మాత్రమే. తెలియక చంపాను అనే మాట అక్కడ సగమే నిజం.

ఈ ఆలోచనను మరింత ముందుకు తీసుకుపోయింది మిలిందపఞ్హ అనే పాలి గ్రంథం. తెలిసి పాపం చేసినవాడు, తెలియక చేసినవాడు, వీరిలో ఎవరి దోషం ఎక్కువని యవనరాజు మిలిందుడు అడిగితే, తెలియక చేసినవాడిదే ఎక్కువని నాగసేనభిక్షువు జవాబు చెప్పి, కాలిన ఇనుప గుండును తెలిసి పట్టుకున్నవాడి కంటే తెలియక పట్టుకున్నవాడి చెయ్యి ఎక్కువగా కాలుతుందని కారణం చూపుతాడు. తెలిసినవాడు ఎక్కడో ఒకచోట వెనక్కి తగ్గుతాడు, తెలియనివాడికి ఆపుకునే కారణమే కనబడదు. ఈ తర్కాన్ని న్యాయస్థానపు తీర్పుగా తీసుకుంటే కఠినంగా తోస్తుంది గాని, హింస ఎలా పెరుగుతుందో చెప్పే వివరణగా తీసుకుంటే దాని సత్యం స్పష్టమవుతుంది.

పొలంలో ఈ ప్రాణికి చావు మూడు దారుల్లో వస్తుంది. మూడింటికీ ఒకే తీర్పు చెల్లదు. మొదటిది పైన చెప్పిన కర్ర. రెండోది నాగలి, గుంటక, నేడు ట్రాక్టరుకు తగిలించే రోటవేటరు. మనుస్మృతి పదో అధ్యాయం వ్యవసాయాన్ని నిందిస్తూ, ఇనుపమొన తగిలించిన కొయ్య భూమినీ, భూమిలో పడుకుని ఉండే ప్రాణులనూ చంపుతుందని చెప్పింది. బౌద్ధ వినయనియమాలు భిక్షువులను నేల తవ్వవద్దన్నాయి. మట్టిలోని ప్రాణుల మీద ఈ గ్రంథాలు చూపిన శ్రద్ధ గొప్పదే అయినా, ఆ శ్రద్ధ ఫలితంగా నేల దున్నేవాడే తక్కువవాడన్న నిర్ణయానికి రావడం ఒప్పుకోదగినది కాదు, ఎందుకంటే దున్నగా పండిన అన్నం తినేవారందరూ ఆ హింసలో భాగస్వాములే. అదే మనుస్మృతి మూడో అధ్యాయంలో పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీళ్ళకుండ అనే ఐదింటినీ ప్రతి గృహస్థు ఇంట్లోని పంచసూనలుగా, అంటే ఐదు వధ్యస్థానాలుగా, లెక్కించి, వాటి దోషానికి పరిహారంగా పంచమహాయజ్ఞాలను విధించింది. అందులో భూతయజ్ఞం సమస్త ప్రాణులకూ అన్నంలో వంతు పెట్టడం. బతకడంలోనే కొంత హింస తప్పదని ఒప్పుకుని, తప్పనిదానికి బదులుగా ఏదో ఒకటి తిరిగి ఇవ్వాలన్న ఈ ఆలోచన, దున్నేవాడిని దోషిగా నిలబెట్టడం కంటే న్యాయమైనది. మట్టి అడుగున కనబడని ప్రాణి నాగటిచాలులో చనిపోతే దానిని తప్పనిసరి హింసగానే ఎంచాలి.

మూడో దారి విషం. అది కర్రలా ఒక ప్రాణిని ఎంచుకుని కొట్టదు, నాగలిలా ఒక చాలులో ఆగిపోదు. 1980ల నాటికి గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిచేలలో పురుగుమందుల వాడకం పెచ్చు మీరి, 1987–88 పంటకాలంలో శనగపచ్చ పురుగు ఆ మందులకు లొంగని స్థితి వచ్చింది. పంట పోయి, అప్పు మిగిలి, పలువురు పత్తిరైతులు ప్రాణాలు తీసుకున్నారు. పత్తిమీద విరివిగా చల్లిన ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు నిలిపివేసింది; నేలలో వేసే ఫోరేట్ గుళికల మీద 2020 చివర నిషేధం అమలులోకి వచ్చింది. చీమా చెదా చచ్చిన మట్టిలో గుడ్డిపాముకు తిండి ఉండదు. ఇక్కడ చంపాలన్న సంకల్పం పురుగు మీదనే ఉంది, పాము మీద లేదు. అయినా మట్టిలో మరెన్నో ప్రాణులు ఉన్నాయన్నది మందు తయారుచేసినవారికీ, అమ్మినవారికీ, సిఫారసు చేసినవారికీ తెలియని సంగతి కాదు. అందువల్ల ఈ మూడో హింసలో బాధ్యత అప్పుల మధ్య నలిగిన రైతు మీద కంటే, తెలుసుకునే సాధనాలు ఎక్కువగా ఉన్నవారి మీద ఎక్కువగా పడుతుంది. తెలిసే అవకాశం ఎవరికి ఎంత ఉందో వారి బాధ్యత అంత అన్నది ఇక్కడ పాటించవలసిన కొలత.

ఈ మైదానాలలో పాముకు గౌరవం లేదని ఎవరూ అనలేరు. అమరావతి స్తూపశిల్పాలలో రామగ్రామ స్తూపాన్ని నాగులు చుట్టుకుని కాపలా కాస్తారు. నాగార్జునకొండకు పేరునిచ్చిన ఆచార్య నాగార్జునుడు ప్రజ్ఞాపారమిత గ్రంథాలను నాగలోకం నుంచి తెచ్చాడని బౌద్ధ సంప్రదాయం చెబుతుంది. రావి, వేప చెట్ల కింద నాగప్రతిమలు ఊరూరా ఉన్నాయి. రేపల్లెకు కృష్ణ ఆవలి ఒడ్డున మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుడు సర్పరూపంలో పూజలందుకుంటాడు. కార్తిక శుద్ధ చవితినాడు, అంటే నాగులచవితినాడు, కుటుంబాలన్నీ పుట్ట దగ్గరికి వెళ్ళి పాలుపోసి, చలిమిడి, చిమ్మిలి నైవేద్యం పెట్టి, పుట్టమన్ను చెవులకు రాసుకుంటాయి. పుట్ట కట్టినవి చెదపురుగులు. నాగుపాము అందులో అప్పుడప్పుడు తలదాచుకునే అతిథి. చెదల గుడ్ల కోసం ఆ సందుల్లో తిరిగేది గుడ్డిపాము. పూజ పడగ విప్పిన పాముకు జరుగుతోంది, పుట్టతోనే బతుకు ముడిపడిన చిన్న పాముకు అందులో పేరు కూడా లేదు. భయమూ భక్తీ కలిసిన ఈ ఆరాధనలో కృతజ్ఞతా ఉంది, ప్రాణిప్రేమా ఉంది. కాని భయపెట్టగలిగినదానికే భక్తి దక్కి, భయపెట్టలేనిది కర్రకు దొరకడం ఆ భక్తికి పరిపూర్ణత కాదు.

ఈ లోపాన్ని పూరించే మార్గం బౌద్ధ మైత్రీభావనలో ఉంది. ఒక భిక్షువు పాముకాటుతో మరణించినప్పుడు, బుద్ధుడు నాలుగు సర్పరాజకులాల పట్ల మైత్రిని వ్యాపింపజేయమని చెప్పి, అక్కడితో ఆపక కాళ్ళు లేనివి, రెండు కాళ్ళవి, నాలుగు కాళ్ళవి, అనేక పాదాలవి అయిన సర్వప్రాణులకూ ఆ మైత్రిని విస్తరించమన్నాడని అంగుత్తరనికాయం చెబుతుంది. మైత్రిని బోధించే మరో ప్రసిద్ధ సుత్తం చిన్నవాటినీ పెద్దవాటినీ, కనబడేవాటినీ కనబడనివాటినీ సమానంగా లెక్కిస్తుంది. రాజకులాల దగ్గర ఆగని మైత్రి, కంటికి కనబడేవాటి దగ్గర కూడా ఆగకూడదన్నది ఈ బోధలోని సారం. మట్టి కింద బతికే ప్రాణికి ఇంతకంటే సూటిగా వర్తించే ధర్మవాక్యం మరొకటి వెదకనక్కరలేదు.

అయితే మైత్రి ఒక్కటే చాలదు, దానికి గుర్తింపు తోడు కావాలి. వానపాముకు ఒంటినిండా ఉంగరాల్లాంటి గీతలుంటాయి. గుడ్డిపాముకు అవి ఉండవు, నున్నని పొలుసులుంటాయి, చీలిన చిన్న నాలుక ఆడుతూ ఉంటుంది. కట్లపాము పిల్లకు నల్లని ఒంటి మీద తెల్లని కట్లుంటాయి, స్పష్టమైన కళ్ళుంటాయి. గుడ్డిపాముకు కట్లూ లేవు, చూపు నిలిచే కళ్ళూ లేవు. తేడా తేలనప్పుడు చేత్తో ముట్టుకోకుండా దూరం జరిగి, దాని దారిన దానిని పోనివ్వడం మనిషికీ పాముకూ మేలు; ఏ పాము కరిచినా నాటువైద్యానికి కాకుండా విషవిరుగుడు మందున్న ఆసుపత్రికే పోవడం ప్రాణధర్మం. ఈ కాస్త జ్ఞానం బడిలో పిల్లలకు చెప్పడం, నాగులచవితినాడు పుట్ట దగ్గర చెప్పడం, రైతుల సమావేశాలలో చెప్పడం ఏ శాస్త్రానికీ, ఏ ఆచారానికీ విరుద్ధం కాదు.

తెలియక చేసిన హింసకు బాధ్యత ఉందా అన్న ప్రశ్నకు, ఈ విచారణ వెంట నడిచాక, ఒక సమాధానం నిలుస్తుంది: తెలుసుకోవడానికి వీలులేని చోట మాత్రమే అజ్ఞానం నిర్దోషమైనది, వీలున్న చోట అది దోషానికి తొలిమెట్టు. నాగటికింద పడిన ప్రాణికి మనిషి భూతయజ్ఞంలాంటి కృతజ్ఞతతో రుణపడి ఉంటాడు. విషంతో పోయిన ప్రాణికి ఆ విషాన్ని నడిపించిన వ్యవస్థ జవాబు చెప్పాలి. కర్రకింద పోయిన ప్రాణి విషయంలో మాత్రం చంపినవాడు తన సమయమూ, తన చూపూ దానికి ఇవ్వలేదని ఒప్పుకోవాలి. రురుడి కథ చెప్పే ధర్మం ఈ కాలపు పొలానికీ అంతే వర్తిస్తుంది. అహింస దండాన్ని శాశ్వతంగా పారవేయడంతో మొదలుకాదు, కాటేసే పాములున్న చోట అది అందరికీ సాధ్యమూ కాదు. ఎత్తిన దండంతో కొట్టకముందే ఎదుటిది ఏ ప్రాణి అని అడగడంతో మొదలవుతుంది. అలా అడిగే అలవాటు ఉన్న సమాజంలో పూజ అందే పాముకూ, పూజ అందని పాముకూ బతికే హక్కు ఒకే మోతాదులో దక్కుతుంది.